జీతం జప్తయితే పరువు పోయినట్టేనా?

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం జరిపిన మొన్నటి ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం ముగిసి అందరమూ పులిహోర వరుసలో నిలబడి ఉండగా, ఒక పెద్దమనిషి మన సంఘ సభ్యుడొకరిని చూసి "ఏమండీ, ఈ ఏడు మీ ఆదాయంలో నాలుగో వంతు కోర్టు పద్దుకేనటగా" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆయన పళ్లెం అక్కడే పెట్టి, భార్యాపిల్లలతో వెళ్లిపోయారు. కార్యవర్గ సభ్యులు ముగ్గురు అక్కడే ఉండి కూడా ఒక్క మాట అనలేదు.

ఇంతకూ ఆయన చేసిన నేరమేమిటి? చూసిపోదామని వచ్చిన తల్లికి గుండెనొప్పి వస్తే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లి, ఖర్చుకు తానే బాధ్యుడినని సంతకం చేశారు. మనం కొనే విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బు అంటేనే గిట్టదు కాబట్టి బిల్లులో సింహభాగం ఆయనపైనే పడింది. ఆ తర్వాత వచ్చిన కవర్లన్నీ, విప్పితే ఏం చూడవలసి వస్తుందోనన్న భయంతో, దేవుడి పటాల వెనుకకు చేరాయి. కోర్టు సమన్లు కూడా వాటిలోనే ఉన్నాయి. గడువులోగా జవాబివ్వకపోతే లెక్క సరైనదో కాదో ఎవరూ తరచి చూడరు. ఏకపక్షంగా తీర్పు వెలువడి, జీతం పట్టుకోమన్న ఉత్తర్వు పేరోల్ విభాగానికి చేరుతుంది.

ఊళ్లోనైతే డిశ్చార్జి రోజున ఎమ్మెల్యే సిఫారసుతోనో, బావమరిదికి తెలిసిన డాక్టరు ఫోనుతోనో బిల్లు తగ్గించుకుంటాము. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెడతాము. అదేదీ మనకు నామోషీ అనిపించదు. ఇక్కడ సిఫారసు అక్కరలేకుండా చట్టమే అడగమన్నా నోరు మెదపము. 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం లాభాపేక్ష లేని ఆసుపత్రులకు రాతపూర్వకమైన ఆర్థిక సహాయ విధానం ఉండాలి. డిశ్చార్జి తర్వాత తొలి బిల్లు పంపిన నాటి నుండి 120 రోజుల దాకా జీతం జప్తు వంటి చర్యలకు అవి దిగరాదు, 240 రోజుల దాకా సహాయ దరఖాస్తును తీసుకోవాలి. అర్హత ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో తీరుగా ఉంటుంది, మన జీతాలకు దక్కకపోనూవచ్చు. అయినా వాయిదాల మాట మాట్లాడడానికి ఆ వ్యవధి చాలు.

తీర్పు వచ్చాక కూడా హద్దులున్నాయి. ఫెడరల్ చట్టం ప్రకారం ఇటువంటి అప్పుకు, పన్నుల వంటివి పోగా మిగిలిన వారపు జీతంలో 25 శాతం, లేదా 217.50 డాలర్లకు పైబడిన మొత్తం, ఈ రెంటిలో ఏది తక్కువో అంతవరకే పట్టుకోవాలి. ఒక్క అప్పు కోసం జీతం జప్తయిందని ఉద్యోగం తీసివేయడానికి వీల్లేదు. టెక్సాస్, పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాలు వైద్యపు అప్పుకు సాధారణంగా జీతాన్ని ముట్టుకోనివ్వవు. టెక్సాస్‌లో మాత్రం జీతం బ్యాంకులో పడ్డాక ఆ రక్షణ ఉండదు.

అప్పు తీర్చవలసిందే, ఆసుపత్రివారూ నర్సులకు జీతాలివ్వాలి, కాదనను. కాని సంక్రాంతి ముగ్గుల పోటీకి, దీపావళి నృత్యాలకు ఉపసంఘాలు వేసే మన కార్యవర్గం, మనలో ఉన్న న్యాయవాదులను, బిల్లింగ్ తెలిసినవారిని నెలకొక శనివారం కూర్చోబెట్టలేదా? వచ్చినవారి పేరు రాసుకోవద్దు, విషయం వాట్సాప్ గుంపులకు ఎక్కనివ్వవద్దు. అంతకంటే ముందు, అధ్యక్షులు ఆ సభ్యుడి ఇంటికి స్వయంగా వెళ్లి క్షమాపణ చెప్పాలని కోరుతున్నాను.