టాబ్ నొక్కినవారు ఓపిక పట్టవలెను

కంప్యూటర్లో లినక్స్ వాడేవాళ్లలో ఈ మధ్య ఒక చెడ్డ అలవాటు ముదిరింది. కమాండు లైన్లో ప్యాకేజీ (ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్ మూట) పేరు సగం కొట్టి టాబ్ నొక్కడం, మిగతా సగం వెంటనే రావాలనుకోవడం, రాకపోతే అలగడం. హన్మకొండ, కాజీపేట, మడికొండ ఐటీ పార్కు దారి, ఎక్కడ చూసినా ఇదే గోల. "డీఎన్ఎఫ్ ఇన్‌స్టాల్ అని కొట్టి టాబ్ నొక్కితే సిస్టం సచ్చిపోతున్నదన్నా" అని డిప్లొమా పిల్లలు మొత్తుకుంటున్నారు. డీఎన్ఎఫ్ అంటే ఫెడోరా రకం లినక్స్‌లో ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రాం, అంటే ప్యాకేజీ మేనేజర్. టాబ్ నొక్కి నయీంనగర్ దాకా పోయి చాయ్ తాగి రావచ్చని ఒకడు ప్రచారం కూడా మొదలుపెట్టాడు. ఇది పచ్చి అబద్ధం. బాధ్యత గల పౌరుడిగా నేను చూసినంతలో, పాత హార్డ్ డిస్కు ఉన్న మిషన్ మీద సైతం చాయ్ చెప్పేంత టైమే పడుతుంది. తాగేంత పట్టదు.

అది లోపల పడే పాట్లు తెలిస్తే ఎవరూ ఇలా మాట్లాడరు. మీరు కొట్టింది నాలుగక్షరాలు. ఆ కమాండుకు పేర్లు పూరించే స్క్రిప్టు ఎక్కడుందో, మనం కొట్టే కమాండ్లను అందుకునే బ్యాష్ ముందుగా వెతికి తెచ్చుకోవాలి. అవసరం పడ్డప్పుడే తెచ్చుకోవడం దాని పొదుపు. ఆ స్క్రిప్టు ప్యాకేజీ మేనేజర్‌ను పిలుస్తుంది. పాత డీఎన్ఎఫ్ అయితే, దాన్ని రాసిన భాష పైథాన్‌ను నిద్ర లేపాలి. అది లేచి, కావలసిన లైబ్రరీలన్నీ ముందేసుకుని, రిపోజిటరీల్లో (ప్యాకేజీల గోదాముల్లో) ఏమేం ఉన్నాయో మొత్తం తిరగేసి, అప్పుడు మీ నాలుగక్షరాల సంగతి చూస్తుంది. మా బాపును నర్సంపేట చుట్టం పేరు అడిగితే ఇంతే. ఆ ఇంటి పెద్దాయన దగ్గర మొదలుపెట్టి, ముగ్గురు తమ్ముళ్లు, వాళ్ల అల్లుళ్లు, అమ్ముకున్న మడికట్టు అన్నీ అయిపోయాక పేరు చెప్తాడు. ఆయనను స్లో అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

పాత డీఎన్ఎఫ్‌కు ఒక అడ్డదారి ఉన్న మాట నిజమే. ప్లగిన్ పెట్టుకుంటే ప్యాకేజీల పేర్లన్నీ ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైల్లో ముందే రాసిపెట్టేది, టాబ్ నొక్కితే అందులోంచి చదివి చెప్పేసేది. 2024లో వచ్చిన ఫెడోరా 41తో డీఎన్ఎఫ్5 గద్దెనెక్కింది. పైథాన్ పోయింది, సీ ప్లస్ ప్లస్ వచ్చింది, మన కష్టాలు తీరాయని పిల్లలు సంబరపడ్డారు. అడిగిన ప్రతిసారీ చిట్టా ముందేసుకుని కూర్చునే సంప్రదాయాన్ని మాత్రం కొత్తదీ వదల్లేదు. పెద్దల ఆచారం నిలబడినందుకు సంతోషించాలి.

ఇంకోపక్క డెబియన్, ఉబుంటు అనే వేరే లినక్స్‌ల వాళ్ల ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్ ఉంది. దాని పూరింపు స్క్రిప్టులో చూడండి, కొత్తగా క్యాషె (చేతికందేలా దాచుకునే చిట్టా) తయారు చేయొద్దని ఆప్ట్-క్యాషె అనే కమాండుకు ముందే తాకీదు ఇచ్చి ఉంటుంది. ఉన్న క్యాషెలో పేర్లు చూసి చెప్పేసి పొమ్మని. డెబియన్ 12లో 64,000 పైచిలుకు ప్యాకేజీలున్నాయి. అన్నింటిలోంచి రెప్పపాటులో పేరు తీసిచ్చేవాణ్ణి నమ్మేదెట్లా? నిజంగా చూశాడో, నోటికి వచ్చింది చెప్పాడో! కష్టపడి పనిచేస్తున్నట్టు కనిపించాలంటే కొంతసేపు పలకకుండా ఉండాలి. సర్కారు ఆఫీసుల్లో చేరిన మొదటి వారంలోనే నేర్చుకునే సంగతి ఇది. ఆప్ట్‌కు ఇంకా అబ్బలేదు.

మరీ అన్యాయమైన ఆరోపణ ఇంకొకటుంది. హన్మకొండలో ఒక ల్యాబ్‌లో కళ్లారా చూశాను. పిల్లాడు 'లిబ్రె' అని కొట్టి టాబ్ నొక్కాడు. స్క్రీన్ కదల్లేదు. ఇంకోసారి నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. కోపంతో టపటపా ఇంకో నాలుగుసార్లు నొక్కి, "సార్, హ్యాంగ్ అయింది" అని కేకేశాడు. సార్ పక్క వరుస దాటి వచ్చేలోపు, నొక్కిన టాబులన్నీ వరుసగా పనిచేసి, అదే లిస్టు మీద అదే లిస్టు, స్క్రీన్ నిండిపోయింది. సార్ అంతా చెరిపి, తానే 'లిబ్రె' అని కొట్టి టాబ్ నొక్కాడు. చిటికెలో వచ్చింది. "ఏది స్లో?" అన్నాడు. పిల్లాడి దగ్గర జవాబు లేదు. డిస్కు నుంచి ఒకసారి చదివిన ఫైళ్లను సిస్టం గుండె లాంటి కెర్నల్ ర్యామ్‌లో అట్టే పెట్టుకుంటుంది కాబట్టి రెండోసారి త్వరగా వస్తుందని ఆ సార్ చెప్పొచ్చు. చెప్పలేదు. "ముందు టైపింగ్ నేర్చుకో" అన్నాడు. సాక్షి వచ్చేసరికి మాయమయ్యే రోగానికి మందు ఎవరిస్తారు?

సుడో సంగతి ఇంకా ముచ్చటైనది. లైను మొదట్లో సుడో అని కొట్టాం గనుక రూట్ (సిస్టం మీద సర్వాధికారి) హోదాలో ఉన్నామని మన ధీమా. పాస్‌వర్డ్ అడిగేది ఎంటర్ నొక్కాక. టాబ్ నొక్కే వేళకు మనం ఇంకా మామూలు యూజర్లమే. డీఎన్ఎఫ్‌లో రూట్ క్యాషె వేరు, మామూలు యూజర్ క్యాషె వేరు. పొద్దున రూట్ పేరు మీద తాజాగా తెచ్చుకున్న చిట్టా అక్కడే ఉండగా, మన టాబ్ ఇంకో అల్మారా తెరుస్తుంది. రెండు రిజిస్టర్లు పెట్టనిది ఆఫీసు ఎట్లా అవుతుంది?

కాబట్టి వేగం పెంచాలని అడిగేవాళ్లతో నేను ఏకీభవించను. నాది చిన్న విన్నపం. పని జరుగుతున్నదని తెలిసేలా ఒక్క చుక్క చూపించమనండి. టాబ్ నొక్కాక ఆ కర్సర్‌ను చూస్తుంటే, బతికుందో పోయిందో తెలియక టెన్షన్. భయపడి కంట్రోల్-సి కొడితే అప్పటిదాకా కొట్టిన లైను కూడా పోతుంది. 1970లలో టెనెక్స్ అనే సిస్టంలో ఎస్కేప్ నొక్కితే కమాండు దానంతటదే పూర్తయ్యేదట. ఆ నాటి మిషన్ల ముందు కూర్చున్నవాళ్లకు లేని తొందర మీకెందుకని పిల్లలు నన్ను అడగరు, నేనే వాళ్లను అడుగుతాను.

ఇంత ఓపిక పట్టినవారికి ఫలితం దక్కుతుంది. 'పైథాన్3-' అని కొట్టి టాబ్ రెండుసార్లు నొక్కి వేచి ఉండండి. వందకు మించి పేర్లు దొరికితే బ్యాష్ అన్నీ కుమ్మరించదు, ఇన్ని ఉన్నాయి, చూపించమంటారా, వై లేదా ఎన్ నొక్కండి అని మర్యాదగా అడుగుతుంది. వై నొక్కితే స్క్రీన్ల కొద్దీ పేర్లు. బుద్ధిమంతులు ఎన్ నొక్కి, ఇంకో రెండక్షరాలు చేర్చి, మళ్లీ టాబ్ నొక్కుతారు. అది మళ్లీ మొదటి నుంచి చదువుతుంది.