షిమురాను మర్చిపోతే ఎలా?
జపాన్ దర్శకుడు కురొసావా సినిమాలంటే మొదట నటుడు తొషిరో మిఫునే ముఖమే గుర్తొస్తుందని ఎవరో రాశారు గానీ, నాకు మాత్రం వాటిలోనే నటించిన తకాషి షిమురానే గుర్తొస్తారు. 1952లో వచ్చిన 'ఇకిరు'లో కడుపు క్యాన్సర్ ఉందని తెలిసిన మున్సిపల్ ఆఫీసు ఉద్యోగిగా, మంచు పడుతుంటే పార్కులో ఉయ్యాల మీద కూర్చుని గొంతు పెగలనట్టు పాడుకుంటారు చూడండి, అప్పటికి ఆయనకు 47 ఏళ్లే అంటే నమ్మబుద్ధి కాదు. హాస్టల్లో చిన్న ల్యాప్‌టాప్‌లో చూశాం, పక్కనున్నవాడు ఫోన్ పక్కన పెట్టేశాడు (అది మామూలు విషయం కాదు). రెండేళ్లకే 'సెవెన్ సమురాయ్'లో పిల్లాణ్ణి కాపాడటానికి జుట్టు తీసేసుకునే పెద్దాయన, అదే 1954లో మొదటి 'గాడ్జిల్లా'లో సైంటిస్టు కూడా ఆయనే. మిఫునే గొప్పోడే, కాదనను, కానీ ఆయన అరిచి చూపించేది ఈయన భుజాలు వంచి చూపిస్తారు.