"డిస్లెక్సియా ఇంగ్లిష్ మీడియం జబ్బు" అంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ పేరెంట్స్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక పొడుగాటి మెసేజ్ తిరుగుతోంది. చివరికి మా మేనత్త కూడా "నువ్వు చేసే పని గురించే రాసిండ్రు, చూడు బిడ్డా" అని నాకే పంపింది. నేను డిస్లెక్సియా ఉన్న, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమైన పిల్లలకు పాఠం చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. మెసేజ్ చదవనివాళ్ల కోసం దాని సారాంశం ఇది: "డిస్లెక్సియా అనేది కార్పొరేట్ ఆస్పత్రులు, ఇంగ్లిష్ మీడియం బళ్లు కలిసి పుట్టించిన జబ్బు. మా కాలంలో ఒక్కడికీ లేదు, ఈ ఫోన్లు వచ్చాకే వచ్చింది. తెలుగు పలికినట్టే రాస్తాం కాబట్టి తెలుగు పిల్లలకు రాదు. అక్షరాలు తిరగేసి రాస్తే కంటి డాక్టర్‌కి చూపించి రంగు అద్దాలు పెట్టించండి. ఐన్‌స్టీన్‌కూ ఉండేది, పెద్దయ్యాక అదే పోయింది. స్పెషల్ టీచర్లకు వేలు తగలెయ్యకుండా రోజూ పది పేజీలు కాపీ రాయించండి. వైకల్య సర్టిఫికెట్ మాత్రం తీసుకోకండి, పిల్లాడి జీవితం మీద ముద్ర పడుతుంది, రేపు సీటు కూడా రాదు." కింద మామూలే, పది మందికి పంపండి అని.

పంపినవాళ్ల మీద నాకు కోపం లేదు. భయపడిపోయిన తల్లిదండ్రులకు "ఏం లేదు, అంతా వట్టిదే" అనే మాట ఎంత తీపిగా వినిపిస్తుందో నాకు తెలుసు. కానీ దీన్ని నమ్మి రెండేళ్లు ఆగిన పిల్లల్ని రోజూ చూసేది నేను కాబట్టి రాయక తప్పట్లేదు.

"మా కాలంలో లేదు, ఫోన్ల వల్ల వచ్చింది."

డిస్లెక్సియా అనే పేరు 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అనే జర్మన్ కంటి డాక్టర్ పెట్టాడు. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండ్ డాక్టర్ పర్సీ అనే 14 ఏళ్ల కుర్రాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే జరిగితే బడి మొత్తంలో వీడే తెలివైనవాడని వాడి మాస్టారే అన్నాడట. అప్పుడు ఫోన్లెక్కడివి, కార్పొరేట్ ఆస్పత్రులెక్కడివి?

ఇక మన దగ్గర. మన కాలంలోనూ ఉన్నారు, కాకపోతే వాళ్ల పేరు "మొద్దు". నాలుగో ఐదో తరగతిలో బడి మానేసి గొర్ల వెంట పోయినవాళ్లు, బీడీలు చుట్టినవాళ్లు, ఎనుమాముల మార్కెట్లో మూటలు మోసినవాళ్లు, వీళ్లలో ఎంతమందికి ఇది ఉందో ఎవరూ పరీక్ష చేసి చూడలేదు. పేదరికంతో మానేసినవాళ్లే ఎక్కువ, కాదనను. కానీ లెక్కపెట్టనిదాన్ని "లేదు" అనడం వేరే సంగతి. చట్టం కూడా ఆలస్యంగానే మేలుకుంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, అందులో ఇది లేదు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచినప్పుడు నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు అనే పేరుతో డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది), డిస్‌కాల్క్యులియా (లెక్కల్లో ఇబ్బంది) లోపలికి వచ్చాయి.

ఫోన్ వల్ల నిద్ర పాడవుతుంది, ధ్యాస చెదురుతుంది, అది నిజమే. దాని సంగతి వేరే చూసుకోండి.

"తెలుగు పలికినట్టే రాస్తాం, కాబట్టి తెలుగు పిల్లలకు రాదు."

మెసేజ్ మొత్తంలో ఎక్కువమందిని బోల్తా కొట్టించేది ఈ మాటే, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. ఇంగ్లిష్‌లో ఒకే అక్షరానికి నాలుగు శబ్దాలు, ఒకే శబ్దానికి నాలుగు స్పెల్లింగులు, కాబట్టి అక్కడ తప్పులు ఎక్కువ బయటపడతాయి. అయితే 2001లో పౌలేసు అనే ఇటలీ శాస్త్రవేత్త బృందం "సైన్స్" పత్రికలో ఒక అధ్యయనం అచ్చువేసింది. ఇటాలియన్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ చదివే పెద్దవాళ్లలో డిస్లెక్సియా ఉన్నవాళ్లను పోల్చి చూశారు. ఇటాలియన్ కూడా మన తెలుగులాగే దాదాపు పలికినట్టు రాసే భాష. ఇటలీ వాళ్లు మిగతా ఇద్దరికంటే మెరుగ్గానే చదివారు, కానీ మాటలోని శబ్దాలను విడదీసే పరీక్షల్లో ముగ్గురూ ఒకే తీరుగా తడబడ్డారు, చదివేటప్పుడు మెదడు ఎడమవైపు ఒకే ప్రాంతం ముగ్గురిలోనూ తక్కువగా పనిచేసింది. అంటే భాషను బట్టి పైకి కనిపించే తీరు మారుతుందే తప్ప మూలం మారదు.

తెలుగులో అది ఎలా కనిపిస్తుందో చెప్తాను, ఎందుకంటే మన బళ్లలో చాలామంది టీచర్లు కూడా ఇంగ్లిష్ బి, డి తిరగేస్తేనే డిస్లెక్సియా అనుకుంటారు. మనకు యాభైకి పైగా అక్షరాలు, వాటి గుణింతాలు, మళ్లీ ఒత్తులు, అన్నీ కలిపితే కంటితో గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడలో సోనాలి నాగ్ చేసిన పరిశోధనల్లో, మామూలు పిల్లలకే ఈ అక్షరాలన్నీ పట్టుబడడానికి కొన్నేళ్లు పడుతుందని, ఇంగ్లిష్ అక్షరాల్లా ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదని తేలింది. మామూలు పిల్లలకే ఇంత టైం పడుతుంది కాబట్టి ఐదో తరగతి దాకా "ఒత్తులు ఇంకా రాలేదు, అవే వస్తాయిలే" అంటూ గడిచిపోతుంది, నిజంగా ఇబ్బంది ఉన్న పిల్ల ఆ గుంపులో కలిసిపోయి ఎవరి కంటా పడదు. నా దగ్గరికి వచ్చే పిల్లల నోట్‌బుక్కుల్లో అమ్మ "అమ" అవుతుంది, పాలు "పలు" అవుతాయి, గుడ్డు "గుడు" అవుతుంది. ద, థ, ధ ఒకటే. మ, య ఒకటే. "రాష్ట్రం" దగ్గర ఆగి, మొదటి అక్షరం చూసి "రాజ్యం" అని ఊహించేస్తారు. కొందరు తప్పు లేకుండానే చదువుతారు, కానీ ఒక్కో అక్షరం కూడబలుక్కుని వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం చదివారో మర్చిపోతారు. అదే పిల్లకి కథ మనం చదివి వినిపిస్తే ప్రశ్నలన్నింటికీ టకటకా జవాబు చెప్తుంది. పరకాల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి బతుకమ్మ పాటలు ఎన్నైనా చివరిదాకా నోటికి పాడుతుంది, రెండో తరగతి వాచకంలో పేరా చదవమంటే చెమటలు పడతాయి. తెలివికి కొదవ లేదు, అచ్చుతోనే చిక్కు.

పైగా 2022-23 నుంచి మన ప్రభుత్వ బళ్లలో ఇంగ్లిష్ మీడియం కూడా మొదలైంది. ఇప్పుడు ఊరి పిల్లాడు కూడా రెండు లిపులతో ఒకేసారి కుస్తీ పడుతున్నాడు, రెండింటిలోనూ వెనకబడితే భాష మారడం వల్లే అని సరిపెట్టుకోవడం ఇంకా సులువైపోయింది.

"కళ్లు చూపించి రంగు అద్దాలు పెట్టించండి."

కళ్లు, చెవులు పరీక్ష చేయించడం మంచిదే, మేం కూడా మొదట అదే అడుగుతాం. కానీ డిస్లెక్సియా కంటి జబ్బు కాదు. 2009లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘాలు కలిసి ఇచ్చిన ప్రకటనలో రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాను బాగుచేస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదని తేల్చి చెప్పాయి. అక్షరాలు తిరగేయడం ఆరేడేళ్ల దాకా చాలామంది మామూలు పిల్లల్లోనూ ఉండేదే.

"ఐన్‌స్టీన్‌కూ ఉండేది, పెద్దయితే పోతుంది."

ఐన్‌స్టీన్‌కు ఉందనడానికి ఆధారాలు లేవు. అమెరికాలోని కనెక్టికట్‌లో 1983 నుంచి ఒక పిల్లల గుంపును బడిలో చేరినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. ఒకటో తరగతిలోనే కనిపించిన తేడా టీనేజ్ దాకా అలాగే ఉండిపోయింది. దానంతట అదే పోయేదైతే ఈ పాటికి మాకు పనే ఉండేది కాదు.

"రోజూ పది పేజీలు కాపీ రాయిస్తే చాలు, స్పెషల్ టీచర్ ఎందుకు?"

ఇది చదివినప్పుడే నాకు ఒళ్లు మండింది. చూసి రాయడంలో చదవడం లేదండీ. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ముత్యాల్లాంటి చేతిరాత ఉన్నవాళ్లున్నారు, రాసిన పేజీలో ఒక్క వాక్యం చదివి చెప్పమంటే తెల్లమొహం వేస్తారు. ట్యూషన్ కూడా అంతే. బళ్లో ఎలా చెప్తే పట్టుబడలేదో సాయంత్రం అదే పద్ధతిలో ఇంకో రెండు గంటలు చెప్పడం గొళ్లెం పెట్టిన తలుపును ఇంకాస్త గట్టిగా నెట్టడమే.

మరి మేం చేసేదేంటి? మంత్రం లేదు, మందూ లేదు. 1930ల్లో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే నరాల డాక్టర్, ఆనా గిల్లింగమ్ అనే టీచర్ కలిసి వేసిన దారి మీదే ఇప్పటికీ చాలా పద్ధతులు నడుస్తున్నాయి. మొదట పిల్లకు ఏ అక్షరాలు వచ్చు, ఏవి రావు, ఎక్కడ ఊహిస్తోంది అని చూసి రాసుకుంటాం. తర్వాత చెవితో మొదలు. "పలక"లో "ప" తీసేస్తే ఏం మిగులుతుంది? "కాలు"లో "కా" బదులు "పా" పెడితే? ఇవి నోటితో ఆడే ఆటలే, కానీ ఈ పిల్లలకు ఇక్కడే ముడి పడి ఉంటుంది. ఆ తర్వాత ఒక్క కొత్త అక్షరం, లేదా ఒక్క గుణింతపు గుర్తు, లేదా ఒక్క ఒత్తు. దాన్ని చూడాలి, పైకి పలకాలి, ఇసుకలోనో బియ్యంలోనో వేలితో రాయాలి, మూడూ ఒకేసారి. నిన్నటిది ఈరోజు మళ్లీ, మొన్నటిది కూడా మళ్లీ. అప్పటిదాకా నేర్చినవాటితోనే కూర్చిన వాక్యాలు చదవాలి, ఊహించే అవకాశమే ఉండకూడదు. మ, య లాంటి జంటల్ని ఒకే వారంలో చెప్పం, ఒకటి గట్టిపడ్డాకే రెండోది. ఇంగ్లిష్ కోసం తయారుచేసిన వరుసను తెలుగుకు యథాతథంగా దించితే పనిచేయదు, మన గుణింతానికి, మన ఒత్తుకు వరుస మనమే కట్టుకోవాలి. ఒక టీచర్‌కి ఒకరు లేదా ఇద్దరు ముగ్గురు పిల్లలు, నెలల తరబడి. అరవై మంది ఉన్న సెక్షన్లో, వారం వారం టెస్టులు పెట్టి ర్యాంకుల ఫ్లెక్సీ కట్టే బళ్లో, ఎంత మంచి టీచరైనా ఇది చేయలేరు, అది వాళ్ల తప్పూ కాదు.

వెనకబడిన ప్రతి పిల్లకూ డిస్లెక్సియా అని కూడా నేను అనట్లేదు. ప్రభుత్వ బళ్లలో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి 2022లో మొదలైన తొలిమెట్టు లాంటి కార్యక్రమం సరిగ్గా జరిగిన బళ్లో, కేవలం పాఠాలు అందక వెనకబడ్డ పిల్లలు కొన్ని నెలల్లో అందుకుంటారు. అంత చేశాక కూడా కదలనివాళ్లు ఎవరో, వాళ్లను పరీక్షకు పంపాలి.

"ఇదంతా డబ్బు దందా."

కొంత ఉంది, ఒప్పుకుంటాను. మెదడుకు ట్రైనింగ్ అని, కళ్లకు గంతలు కట్టి చదివిస్తామని, మూడు నెలల్లో నయం చేస్తామని బోర్డులు పెట్టేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. నయం అనే మాట ఎవరన్నా వాడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. స్పెషల్ ఎడ్యుకేటర్ అంటే భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, రిజిస్టర్ అయి ఉండాలి, ఆ రిజిస్ట్రేషన్ నంబర్, అంటే సీఆర్ఆర్ నంబర్ అడగండి, ఉన్నవాళ్లు మొహమాటపడకుండా చూపిస్తారు. నిజమైన సమస్య దందా కాదు, కొరత. ప్రైమరీలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ మండలంలో ఎంతమంది ఉన్నారో ఎంఈవో ఆఫీసులో అడిగి చూడండి. ఫీజు కట్టలేనివాళ్లు ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం మండలంలో నడిపే భవిత కేంద్రానికి వెళ్లొచ్చు. అక్కడ ఎక్కువగా బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలతో పని నడుస్తుంది కాబట్టి "మావాడికి చదవడంలో ఇబ్బంది" అని విడమరిచి చెప్పాలి.

"సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడుతుంది."

ముద్ర ఎప్పుడో పడింది, క్లాసులో అందరి ముందూ. సర్టిఫికెట్ కాగితం మీ బీరువాలో ఉంటుంది, దాన్ని ఎవరికి చూపించాలో మీ ఇష్టం. ఎనిమిదేళ్లకు, అంటే మూడో తరగతి వయసుకు, పరీక్షలు చేసి ఇవ్వాలని 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. బళ్లో టీచర్ గమనించినది, పిల్లల డాక్టర్ పరీక్ష, సైకాలజిస్ట్ చేసే తెలివితేటల పరీక్ష, బెంగళూరు నిమ్హాన్స్ తయారుచేసిన చదువు-రాత పరీక్షలు, ఇవన్నీ కలిపి చూస్తారు. పాఠం చెప్పడానికి మాత్రం సర్టిఫికెట్ దాకా ఆగక్కర్లేదు, అనుమానం వచ్చిన రోజే మొదలుపెట్టొచ్చు.

సీటు రాదన్నది పూర్తిగా తలకిందుల మాట. పరీక్షల్లో అదనపు టైం, అవసరమైతే రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు, ఇలాంటి మార్పులు చేయాలని 2016 చట్టంలోని 17వ సెక్షన్ చెప్తోంది. అదనపు టైం గంటకు కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట ఇవ్వాలని 2018 ఆగస్టు మార్గదర్శకాలు చెప్పాయి. 2021లో నీట్ పరీక్షలో ఆ గంట ఇవ్వకుండా పేపర్ లాక్కున్నారని డిస్‌గ్రాఫియా ఉన్న ఒక విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్తే, మళ్లీ పరీక్ష పెట్టమనలేదు గానీ ఆమెకు జరిగిన అన్యాయాన్ని ఎలా సరిదిద్దుతారో చూడమని పరీక్ష పెట్టిన సంస్థను కోర్టు ఆదేశించింది. ఆమె అంతదూరం వెళ్లగలిగింది చేతిలో ఆ కాగితం ఉండబట్టే. ఈ ఏడాది మీ పిల్లలు పదో తరగతిలో ఉంటే హాల్ టికెట్ వచ్చేదాకా ఆగకండి, పరీక్ష ఫీజు కట్టేటప్పుడే సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి హెడ్మాస్టర్‌కి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి, ఇచ్చినట్టు ఒక కాపీ మీద సంతకం పెట్టించుకోండి.