మలక్‌పేట మైదానం పందెంరాయుళ్లదేనా?

గుర్రప్పందేలనగానే హైదరాబాద్‌లో సగటు మనిషికి గుర్తొచ్చేవి ఇల్లూ ఒళ్లూ గుల్ల చేసుకున్నవాళ్ల కథలే. వాటిలో అబద్ధమేమీ లేదు. కానీ ఒకటిన్నర శతాబ్దంగా నగరంతో పెనవేసుకున్న ఆటను ఆ కథలతోనే కొట్టిపారేస్తే మలక్‌పేటలో మనకున్నదేమిటో తెలుసుకోకుండానే పోగొట్టుకుంటాం.

ఆసఫ్‌జాహీల ఏలుబడిలో 1868లో మౌలాలిలో మొదలైన పందేలను ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు, తన నివాసభవనం మహబూబ్ మాన్షన్‌కు చేరువలోకి తరలించారు. ఆయన తదనంతరం చోటు మారి, సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో సాగిన పందేలు 1968లో మళ్లీ మలక్‌పేటకే చేరాయి. పేరుమోసిన దక్కన్ డెర్బీ పందెం ఇక్కడ ఏటా అక్టోబరు 2న జరుగుతుంది. పందేలకు గాంధీ జయంతినే ఎంచుకోవడంలోని విడ్డూరం సంగతి అలా ఉంచుదాం.

ఈ ఆట అసలు ఆకర్షణ బెట్టింగ్ కౌంటర్ల దగ్గర లేదు, పందేనికి ముందు గుర్రాలను నడిపించి చూపించే ఆవరణ, అంటే పాడక్ కంచె పక్కన ఉంది. పందేనికి కాసేపటి ముందు గుర్రాలను సాకే సైసులు కళ్లెం పట్టుకుని గుర్రాలను గుండ్రంగా నడిపిస్తుంటే, తలపండినవాళ్లు అడుగు తీరు, చెవుల కదలిక, మెడ మీద చెమట చూసి ఏది కుదురుగా ఉందో, ఏది బెదురుతోందో చెప్పేస్తారు. గుర్రాల గెలుపు అవకాశాలను సమం చేసే హ్యాండీక్యాప్ పందెంలోనైతే మేటి గుర్రానికి ఎక్కువ బరువు కేటాయిస్తారు. స్వారీ చేసే జాకీ, జీను కలిసి అంత తూగకపోతే సీసపు పలకలు చేర్చి మరీ లెక్క సరిచేస్తారు. గుర్రప్పందెంలో అదృష్టం కన్నా నైపుణ్యానిదే పైచేయి అని 1996లో సుప్రీంకోర్టు ఊరికే అనలేదు. అయినా జీఎస్టీ మండలి దీన్ని క్యాసినోలు, లాటరీలతో ఒకే గాటన కట్టి, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం పన్ను వేసింది. అది దొంగచాటు బెట్టింగ్‌కు ఊతమిస్తుందన్న వాదన తీసిపారేయదగ్గది కాదు.

మా ఆందోళన మాత్రం పన్ను గురించి కాదు, నేల గురించి. చెన్నైలోని గిండీ పందేల మైదానాన్ని 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం లీజు రద్దుచేసి స్వాధీనం చేసుకుంది. ముంబయి మహాలక్ష్మి పందేల మైదానంలో 120 ఎకరాలను పార్కు కోసం నగరపాలక సంస్థకు మళ్లించారు. ఇక్కడ అలాంటి రోజు వచ్చేదాకా ఆగకుండా, పందెం కాయనివారికీ, బడి పిల్లలకూ పాడక్‌ను, గుర్రపుశాలలను చూపించే ఏర్పాటు రేస్ క్లబ్బే చొరవ తీసుకుని చేయాలి. పందేలు రేపు కొనసాగినా ఆగిపోయినా ఆ నేల గజం కూడా కట్టడాలకు పోదని, ఖాళీ మైదానంగానే ఉంటుందని రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ప్రకటించాలి.