ఎలుగు మనదే, ఎర్ర చొక్కా మనది కాదు

2022 జనవరి 1న అమెరికాలో విన్నీ ద పూ తొలి పుస్తకం కాపీరైట్ గడువు తీరింది. మరుసటి ఏడాదే, తేనె కుండలో మూతి పెట్టే ఆ ఎలుగును హంతకుడిగా మార్చిన బ్రిటిష్ సినిమా థియేటర్లకు వచ్చేసింది. లక్ష డాలర్ల లోపు ఖర్చుతో తీస్తే 50 లక్షల డాలర్ల పైన వసూలైంది. చెత్త సినిమాలకిచ్చే రాజ్జీ (Razzie) అవార్డులు కూడా ఐదు మూటగట్టుకుంది. షార్ట్ ఫిల్మ్ తీసే అభిమానులు ఇందులోంచి వసూళ్ల పాఠమే నేర్చుకున్నట్టున్నారు. చిన్నప్పటి పాత్ర ఒకటి తీసుకోవడం, ముఖానికి ఇంత రక్తం పూయడం, పేరు ముందు 'డార్క్' అని తగిలించడం మామూలైపోయింది.

ఈ కథల్లోకి చీకటిని బయటి నుంచి తెచ్చి పోయాల్సిన పనే లేదు. 1883లో పుస్తకంగా వచ్చిన పినోకియోలో బుద్ధులు చెప్పే కీచురాయిని కొయ్యబొమ్మ సుత్తి విసిరి చంపేస్తుంది, అదీ నాలుగో అధ్యాయంలోనే. పీటర్ పాన్ నవల (1911)లో, ద్వీపంలోని పిల్లలు పెద్దవుతున్నట్టు కనిపిస్తే పీటర్ వాళ్ల సంఖ్య తగ్గిస్తాడని ఒక్క వాక్యం ఉంటుంది. ఎలా తగ్గిస్తాడో రచయిత చెప్పడు. అర లీటరు నకిలీ రక్తం చేయలేని పని ఆ మౌనం చేస్తుంది. పుస్తకం తెరవకుండా, చిన్నప్పుడు చూసిన కార్టూన్ సినిమాను గుర్తు చేసుకుని తీసేవాళ్లకు ఈ వాక్యం దొరకదు. వాళ్లకు దొరికేది ఎవరి స్టూడియోదో అయిన బట్టలు మాత్రమే. చట్టపరమైన చిక్కూ అక్కడే మొదలవుతుంది.

మన తలలో ఉన్న బొమ్మకూ పుస్తకంలోని పాత్రకూ మధ్య దూరం చాలామంది అనుకునేదాని కంటే ఎక్కువ. పూ అనే ఆ ఎలుగుకు ఎర్ర చొక్కా 1926 పుస్తకంలో లేదు. అది 1932లో ఒక గ్రామఫోన్ రికార్డు మీది బొమ్మతో వచ్చింది, తర్వాత డిస్నీ చేతుల్లో స్థిరపడింది. పీటర్ పాన్ ఆకుపచ్చ టోపీ, బిగుతు లాగు 1953 కార్టూన్‌వి. నవలలో వాడు ఈనెలు మిగిలిన ఆకులు, చెట్ల జిగురు కట్టుకుని వస్తాడు. పాలపళ్లు ఒక్కటీ ఊడలేదు. విజర్డ్ ఆఫ్ ఓజ్ కథలోని డొరొతీ కెంపు రంగు చెప్పులు 1939 సినిమావి. 1900 నాటి పుస్తకంలో అవి వెండి చెప్పులు, రంగుల సినిమాలో మెరవాలని మార్చారు. చిన్నపిల్లల కోసం 1890లో రంగుల్లో వేసిన ఆలిస్ పుస్తకంలోనైతే ఆ అమ్మాయి గౌను నీలం కాదు, పసుపు పచ్చన. వెండి చెప్పులు తొడిగితే ఎవరూ అడగరు. కెంపు చెప్పులు తొడిగారా, అమెరికాలో 2034 చివరి దాకా అవి వేరొకరి సొత్తు.

దేశం మారితే లెక్కా మారుతుంది. భారత చట్టంలో రచయిత మరణించాక 60 ఏళ్లు, బ్రిటన్‌లో 70. పూ రచయిత మిల్న్ 1956లో పోయారు. కాబట్టి ఆయన రాత మన దేశంలో 2016తోనే స్వేచ్ఛగా వాడుకునేదైంది, బ్రిటన్‌లో మాత్రం 2026 చివరి దాకా ఆగాలి. బొమ్మలు గీసిన షెపర్డ్ 1976లో పోయారు. ఆయన గీతలకు మన దగ్గర 2036 చివరి వరకూ రక్షణ ఉంది. అవే గీతలు అమెరికాలో 1926 పుస్తకంతో పాటే కాపీరైట్ నుంచి బయటపడ్డాయి. అంటే హైదరాబాద్‌లో కూర్చుని ఎలుగు కథ తీయొచ్చు గానీ, ముసుగు కుట్టేవాడికి షెపర్డ్ బొమ్మ చూపించి 'అచ్చం ఇలాగే' అనకూడదు. పీటర్ పాన్‌ది మరో విచిత్రం. రచయిత బ్యారీ 1929లో ఆ హక్కులను లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చారు. గడువు తీరాక కూడా ఆసుపత్రికి రాయల్టీ అందేలా 1988లో బ్రిటన్ పార్లమెంటు చట్టంలోనే రాసింది. దానికి కాలపరిమితి లేదు, కానీ అది బ్రిటన్ వరకే.

'డబ్బు తీసుకోలేదు కదా, అభిమానంతో తీశాం' అనే మాట మన చట్టంలో ఎక్కడా కవచం కాదు. సెక్షన్ 52లో సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్త ఉన్నాయి. పేరడీ అన్న మాట లేదు, ఫ్యాన్ ఫిల్మ్ అన్న మాట అసలే లేదు. యజమాని ఉన్న పాత్రతో తీసిన సినిమా ఆ యజమాని దయ మీద బతుకుతుంది. హ్యారీ పాటర్ ప్రపంచంలోని వోల్డెమార్ట్ మీద ఇటలీ బృందం తీసిన సినిమా 2018 జనవరిలో యూట్యూబ్‌లోకి రావడానికి ముందు వార్నర్ సంస్థ చందాల సేకరణ ఆపించింది. లాభం తీసుకోకూడదన్న ఒప్పందం మీదే వదిలింది. 2009లో సుమారు 3 వేల పౌండ్లతో లార్డ్ ఆఫ్ ద రింగ్స్ పాత్ర గొల్లమ్ వేట మీద అభిమానులు తీసిన చిత్రం 15 ఏళ్లు హాయిగా ఉంది. 2024 మేలో అదే పేరుతో పెద్ద సినిమా ప్రకటించగానే యూట్యూబ్‌లో ఆగిపోయింది, గోల లేచాక మళ్లీ తెరుచుకుంది. అంత మంచి పనికి కూడా ఆ గతి పట్టిందంటే, కాలం తీరిన పుస్తకాన్ని వదిలి యజమాని ఉన్న పాత్ర వెంట పడటం తెలివైన బేరం కాదు.

పుస్తకం నుంచి మొదలుపెడితే షూటింగ్‌కు ఏం దక్కుతుందో ఒక్క సన్నివేశంలో చూడొచ్చు. పీటర్ నీడ కిటికీలో తెగిపోతుంది, ఆ ఇంటి అమ్మాయి వెండీ వాళ్లమ్మ దాన్ని చుట్టి సొరుగులో పెడుతుంది. వాడు తిరిగొచ్చి సబ్బుతో అతికించుకోబోతాడు, అంటదు, అప్పుడు వెండీయే దాన్ని సూదీ దారంతో కుడుతుంది. ఒక గది, ఇద్దరు నటులు, నాలుగు నిమిషాలు. గాల్లో ఎగరడానికి తాళ్లు కట్టే ప్రమాదం లేదు. కావలసిందల్లా గోడ మీద సొంతంగా కదిలే నీడ.

దానికి ట్రైపాడ్ కదలకుండా రెండు టేకులు కావాలి. మొదటిదాంట్లో పీటర్ ఒక్కడే నటిస్తాడు. వెలుతురు తెల్లగుడ్డ చాటు నుంచి మెత్తగా రావాలి, వాడు గోడకు కనీసం ఆరడుగుల దూరంలో ఉండాలి, అప్పుడు వాడి అసలు నీడ గోడ మీద కనిపించదు. రెండో టేకులో పీటర్ ఉండడు. ఏ గుడ్డా కట్టని చిన్న లైటు ఒకటి గోడకు 20 అడుగుల దూరంలో, ఇంచుమించు నేల మట్టంలో పెట్టాలి. నీడ వేషగాడు లైటుకు 16 అడుగుల దూరంలో, ఫ్రేముకు బయట నిలబడాలి. 20ని 16తో భాగిస్తే 1.25, అంటే నీడ మనిషి కంటే అంత పెద్దది. పీటర్ ఐదడుగులుంటే నీడకు నాలుగడుగుల పిల్లవాణ్ని పెట్టుకోవాలన్న మాట. ఈ లెక్క వేయకుండా ఇద్దరు సమాన ఎత్తు పిల్లల్ని పెడితే నీడ ఆరడుగులు దాటి పీటర్‌ను మించిపోతుంది. లైటు ఎత్తులో పెడితే పాదాల నీడ గోడ దిగి నేల మీదకు జారుతుంది. మరీ పక్కకు జరిపితే నీడ అడ్డంగా సాగుతుంది.

ఎడిటింగ్‌లో రెండో టేకును మొదటిదాని పైన పెట్టి మల్టిప్లై మోడ్ ఎంచుకుంటే తెల్ల గోడ మాయమై నల్ల నీడ మిగులుతుంది. నీడ పీటర్ మీదుగా వెళితే వాడి ముఖం కూడా నల్లబడుతుంది కనుక, ఇద్దరి మధ్య ఎప్పుడూ అడుగు ఖాళీ ఉండేలా ముందే నేల మీద టేపు అతికించుకోవాలి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో బిగించాలి. ఫోన్‌ను ఆటోలో వదిలేస్తే నీడ రాగానే అది గదిని వెలిగించేస్తుంది, రెండు టేకుల గోడలు కలవవు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టాలి. ఫోన్ మామూలుగా ఎంచుకునే 30 ఫ్రేముల్లో, 1/60 షట్టర్‌తో, చౌక ఎల్ఈడీ బల్బుల కింద గోడ మీద చారలు పాకుతాయి. నీడ బూడిద రంగులో తేలిపోతుంటే తప్పు లైటుది కాదు, తెల్లని పైకప్పుది. నల్ల దుప్పటి ఒకటి అడ్డం కడితే సరిపోతుంది.

ఇంత కష్టపడి తీసినదాన్ని చివర్లో పాట ముంచుతుంది. బాణీ పాతదైనా రికార్డింగ్‌కు వేరే యజమాని ఉంటాడు. పాటలను గుర్తుపట్టే యూట్యూబ్ యంత్రాంగం, కంటెంట్ ఐడీ, దాన్ని పట్టేస్తుంది. అది ఛానెల్‌కు శిక్షగా పడే స్ట్రైక్ కాదు, ఆదాయం అటు మళ్లుతుంది, లేదంటే వీడియో ఆగుతుంది. అభ్యంతరం చెబితే అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజులుంటాయి. పిల్లనగ్రోవి వాయించే స్నేహితుణ్ని పట్టుకోవడం ఇంతకంటే సులువు.

తెలుగులో ఈ పని చేయాలనుకునేవాళ్లు తోటరాముడి జోలికి వెళ్లే ముందు ఆగాలి. పాతాళభైరవి 1951 నాటిది. సినిమాగా 60 ఏళ్ల గడువు 2011తో తీరింది గానీ, రాసిన పింగళి 1971లో, స్వరపరచిన ఘంటసాల 1974లో పోయారు. మాటలకు 2031, బాణీలకు 2034 చివరి దాకా లెక్క ఉంది. బేతాళుడిది ఇంకా ఆసక్తికరం. చందమామలో శంకర్ గీసిన బేతాళుడు మనలో చాలామందికి ఒకే ఒక్క బేతాళుడు. ఆయన 2020లో పోయారు కనుక ఆ గీతలకు 2080 దాకా గడువుంది. కథ మాత్రం 11వ శతాబ్దపు సోమదేవుడిది, ఎవరిదీ కాదు. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానపురం. శవం వేలాడేది శింశుపా వృక్షానికి, సుందరకాండలో సీతమ్మ కూర్చున్నదీ ఆ జాతి చెట్టు కిందే. చందమామ బొమ్మ పక్కన పెట్టి ఈ మూడు వివరాలతో మొదలుపెడితే వేరే సినిమా కనిపిస్తుంది.

ఇందులో చిక్కు ఒకటే. శవం రాజు భుజం మీద ఉంటే ఇద్దరి ముఖాలూ ఒకే ఫ్రేములో ఎదురుగా పట్టవు, మాట్లాడేది వీపు వెనక వేలాడే తల. దూరపు షాట్లకు గడ్డి కూరిన బొమ్మ సరిపోతుంది. కెమెరా రాజు వెనక నడిచే దగ్గరి షాట్లకు మాత్రం నటుణ్ని ఎత్తైన బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, తల అంచు నుంచి కిందికి వదిలి, బల్లను చక్రాల మీద నెట్టాలి. డైలాగును ముక్కలుగా కోసుకుని ఒక్కో ముక్క నిమిషంలోపే ముగించాలి. అంతకు మించితే రక్తమంతా ముఖంలోకి దిగి, పౌడరు కింద నుంచి శవం బుగ్గలు గులాబీ రంగు తిరుగుతాయి.