శివారు ఫోనుకు నీళ్ళందని కేసు

మా కోనసీమ వాళ్ళకు తెలిసిన పోర్టు కాకినాడ ఒక్కటే. అందుకే మెయిలు పెట్టించుకోబోతే అమలాపురంలో కంప్యూటరు కుర్రాడు “మీ పోర్టు ఎంతండీ?” అని అడిగితే మా బావగారు తెల్లమొహం వేశారు. ధవళేశ్వరం దగ్గర గోదావరంతటినీ 175 గేట్లతో ఆపుతున్నాం. ఉత్తరాలు దాచే కంప్యూటరు, అదే సర్వరు, ఒక్కదానికి మాత్రం 65,535 పోర్టులట, అంటే నంబరు వేసిన గుమ్మాలు! అందులో ఉత్తరాలు తెచ్చుకునే గుమ్మాలు నాలుగే: పాప్ అనే పద్ధతికి 110, 995; ఐమాప్ అనే పద్ధతికి 143, 993. పంపాలంటే 587కి వెళ్ళాలి. ఆ సెక్షను వేరు, ఆ గుమాస్తా వేరు. ఈ మాత్రం తెలియకుండా మెయిలు పెట్టుకోవడం బావగారి తప్పే.

ఇక కేసు. పొలం కాగితాల మెయిలు వచ్చిందని పట్నం నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. బావగారి ఫోన్లో ఇన్‌బాక్సు ఎండిపోయి ఉంది. మొదటి అనుమానం మనవడి మీద పడింది, రెండోది అల్లుడి మీద. అల్లుడి మీద అనుమానం మెయిలు పుట్టకముందు నుంచీ ఉన్నదే, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

పంచాయతీకి నన్ను పిలిచారు. విచారణలో తేలిందేమిటంటే, పడమటింట్లో మూలపడ్డ పాత కంప్యూటరు పది నిమిషాలకోసారి పాప్ పద్ధతిలో సర్వరుకు వెళ్ళి, ఉన్న ఉత్తరాలన్నీ తోడుకొచ్చి, అక్కడ ఊడ్చి పెట్టేస్తోంది. ఎగువ రైతు తూము మొత్తం తన చేలోకి తిప్పేసుకుంటే శివారు చేనుకు ఏం మిగులుతుంది? ఫోను శివారు ఆయకట్టు అయిపోయింది.

పాప్‌ని నేను పూర్తిగా తప్పుపట్టను. అది 1984 నాటిది. టెలిఫోన్ లైను మీద నిమిషాలు లెక్కపెట్టుకునే రోజుల్లో వెళ్ళామా, తెచ్చుకున్నామా, లైను కట్ చేశామా అన్నదే తెలివి. ధాన్యాన్ని కళ్ళంలో వదిలేస్తే తుపాను ఊరుకుంటుందా? పాప్‌కి మర్యాదా తెలుసు. చెరపమని ముందు చెప్పినా, “వెళ్ళొస్తాను” అన్నాకే సర్వరు చెరుపుతుంది. మధ్యలో కరెంటు పోతే ఒక్క ఉత్తరం కూడా చెరగదు. మా దురదృష్టం, ఆ వారం కరెంటు ఒక్కసారీ పోలేదు. సర్వర్లో కాపీ ఉంచమనే టిక్కు ఒకటుంటుంది గానీ, అది ఎవరూ పెట్టలేదు.

పైగా ఆ పాప్ నడిచింది 110 గుమ్మంలో, ఏ ముసుగూ లేకుండా. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, నరసాపురం ఒడ్డున ఉన్నవాడికి పాస్‌వర్డు కేకేసి చెప్పడమన్నమాట. పంటులో జనమంతా వింటారు. 995లో మొదటి మాట నుంచే గుట్టు. దాన్ని లాకు వేయడం అంటారని కుర్రాడు చెప్పాడు. “కాలవ లాకులా? పడవలు తిరగడం మానేసి ఎన్నేళ్ళయిందయ్యా!” అన్నారు బావగారు.

తీర్పుగా నేను ఐమాప్ ఇప్పించాను, గుమ్మం 993. ఇది 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి. ఉత్తరం సర్వర్లోనే ఉంటుంది, ఫోనూ కంప్యూటరూ వెళ్ళి చూసుకుంటాయి. ఒకచోట చదివితే రెండోచోటా చదివినట్టే గుర్తు పడుతుంది. ఎగువా దిగువా తేడా లేదు. నీటి సంఘం ఏనాడూ చేయలేని న్యాయం చేశానని కాఫీ తాగి వచ్చేశాను.

మూడో రోజు మళ్ళీ ఫోను. “ఏమయ్యా బావమరిదీ, నీ న్యాయం ఇదేనా? ఫోన్లో చోటు లేదని పాతవన్నీ తీసేశాను. కంప్యూటర్లోనూ పోయాయి!”

“ఆయ్, చెరువు ఒకటే కదండీ బావగారూ, ఏ గట్టున గండి కొట్టినా…”

ఆయన వినలేదు. ఇప్పుడు వచ్చిన ప్రతి మెయిలూ ప్రింటు తీయించి, ట్రంకుపెట్టెలో పాసుపుస్తకాల కింద పెడుతున్నారు. తాళంచెవి అక్కయ్య బొడ్డున ఉంటుంది. మొన్న కరెంటు బిల్లు కోసం నేను వెళితే, ఆవిడ ముందు నా చేతులు కడుక్కు రమ్మంది.