“వాడి డబ్బు, వాడి ఒళ్లు” అంటే సరిపోదు

“మత్తుమందు వాడేవాడు తన డబ్బు తగలేసుకుంటాడు, తన ఒళ్లు పాడుచేసుకుంటాడు. దేశానికి పోయేదేముంది? పైగా పేద దేశంలో మత్తుమందు పంట రైతుకు కూడు పెడుతోంది. చికిత్సలంటారా, అవి ధనిక దేశాలు భరించే ఖర్చు.” ఫోన్లలో తెగ తిరుగుతున్న ఈ మాటలు చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

వాడి డబ్బేనా? నాకు తెలిసిన ఒక ఇంట్లో ముందుగా పోయింది భార్య కుట్టుమిషను. అది తాకట్టుకు వెళ్లిన రోజే ఆమె సంపాదన ఆగిపోయింది. మగ్గానికో, మిషనుకో పెట్టిన పెట్టుబడి చిన్నదే కావచ్చు, పేదింటికి ఉన్న ఆస్తి అదొక్కటే. తర్వాత భర్తను ఒంటరిగా వదల్లేక ఆమె ఇంటికే పరిమితమైంది, పెద్దమ్మాయి బడి మానేసి పనికి వెళ్లింది. వాడింది ఒక్కడు. పోయింది అతని కూలీ, ఆమె రాబడి, ఆ పిల్ల చదువు. ఆరోగ్య బీమా, నిరుద్యోగ భృతి ఉన్నచోట ఈ బరువు కొంతైనా ప్రభుత్వం మోస్తుంది. లేనిచోట అంతా ఇంటి ఆడవాళ్ల నెత్తిన పడుతుంది. వారు చేసే ఆ సేవకు జాతీయాదాయ లెక్కల్లో చోటే లేదు. అందుకే “దేశానికి నష్టం లేదు” అనడం అంత తేలికవుతోంది.

ఒళ్లు కూడా వాడిదొక్కడిదే కాదు. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో సుమారు 1.39 కోట్ల మంది సూదితో మత్తుమందు ఎక్కించుకున్నారు. వారిలో దాదాపు సగం మందికి హెపటైటిస్-సి అనే కాలేయ జబ్బు ఉంది. ఒకే సూది పంచుకుంటే జబ్బూ పంచుకున్నట్టే.

రైతు కూడు సంగతి. వాడకందారులు చెల్లించే డబ్బులో పేద దేశాల రైతులకు చేరేది 1 శాతమేనని అంతర్జాతీయ మాదకద్రవ్యాల నియంత్రణ మండలి 2002 నివేదికలోనే చెప్పింది. మిగతాదంతా రవాణా ముఠాలదే. ఆ నల్లడబ్బు భూముల ధరలు పెంచి, నిజాయితీగా వ్యాపారం చేసేవారిని పోటీలోంచి తరిమేస్తుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి, పంటను ఉన్నపళంగా ఆపితే రైతు నలిగిపోతాడు. అఫ్గానిస్తాన్‌లో నల్లమందు తీసే గసగసాల సాగును 2022లో నిషేధించాక ఆ రైతుల ఆదాయం ఒక్క ఏడాదిలో సుమారు 136 కోట్ల డాలర్ల నుంచి 11 కోట్లకు పడిపోయింది. దశాబ్దాలు గసగసాలు పండించినా చేతిలో మరో ఆధారం మిగలలేదంటే, అది అభివృద్ధి ఎలా అవుతుంది?

ఇక చికిత్స. అసలు ఆ అలవాటే పడకుండా నివారణకు ఒక డాలరు పెడితే తర్వాతి ఖర్చుల్లో 10 డాలర్ల వరకు మిగులుతాయని అదే మండలి 2013లో రాసింది. అలవాటు పడ్డాకా దారి ఉంది: నల్లమందు, హెరాయిన్ వంటి వాటి వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మెథడోన్ అనే మందును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. భరించలేమనేవారు చికిత్స ఖర్చు ఒక్కటే చూపిస్తున్నారు. చికిత్స చేయించకపోతే ఆస్పత్రులకు, జైళ్లకు, ఆగిపోయిన చదువులకు అయ్యే ఖర్చును కూడా పక్కనే రాసి చూపించమనండి.